మాట్లాడించి కట్టిన పళ్ళు

1. వెలుగు పక్షం, మొదటి వారం

ఈ శిక్షణ చిట్టా మొదటి పుటలోనే హెచ్చరిక ఉంది: "నేర్చుకున్న పని మాత్రమే రాయాలి. అభిప్రాయాలు రాయరాదు."

అభిప్రాయం లేకుండా పని నేర్చుకున్న మనిషిని ఒక్కరిని చూపించండి, చిట్టా మూసేస్తాను. చూపించలేరు కనక రాస్తున్నాను.

నా పేరు ఝాన్సీ. యాభైకి దగ్గర పడ్డాను. రెండు వారాలు ఎండ, రెండు వారాలు చీకటి ఉండే చంద్రుడి మీది ఈ మంచు గనికి వచ్చిన కొత్తలో తవ్వకం యంత్రం నడిపాను. ఆ తర్వాత చాలా ఏళ్ళు గని కార్మికుల పత్రిక నడిపాను. యాజమాన్యం ముందు పత్రిక చదువుకునే విరామం తీసేసింది. తర్వాత "చదివేవాళ్ళు లేరు" అని పత్రికే తీసేసింది. ఈ వరస గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

భూమికి వెళ్ళిపోవచ్చు కదా అంటారు కొత్తగా వచ్చినవాళ్ళు. ఇక్కడ మనిషి బరువు అక్కడి దానిలో ఆరో వంతు. ఏళ్ళ తరబడి బరువు మొయ్యని ఎముక పలచబడుతుంది. నాలాంటి పాతకాపులు భూమ్మీద కాలు పెడితే తుంటి విరుగుతుంది. కాబట్టి మా ఊళ్ళు మాకు ఇక ఆకాశంలో నీలంగా కనబడే వస్తువులే. ఎముకల్లో ముందుగా అరిగేది దవడ. నలభై దాటితే పళ్ళు కదులుతాయి, మరి కొన్నాళ్ళకి రాలతాయి. అందుకే ఇంత చిన్న బస్తీలో కూడా కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబ్ ఒకటుంది.

గని పనికి వయసు దాటినవాళ్ళకి యాజమాన్యం రెండు దారులు చూపించింది. తోట అరలో మొక్కలకి నీళ్ళు పట్టడం, లేదా పళ్ళ ల్యాబ్‌లో పని నేర్చుకోవడం. మొక్కలతో వాదించడం కుదరదు. ల్యాబ్ అన్నాను.

శిక్షకుడు ఇన్నయ్య మాస్టారు. గుంటూరు మనిషి. డెబ్భై దాటినా మీసానికి రంగు తప్పదు. ఆయన కట్టిన పళ్ళు గుంటూరులో స్టేజీ ఎక్కి పద్యాలు పాడాయని మొదటి పది నిమిషాల్లోనే చెప్పేశారు.

"ఉపన్యాసాలిచ్చే మనిషివి. నీకు మైనం లొంగుతుందా తల్లీ?" అన్నారు నన్ను ఎగాదిగా చూసి.

"ఉపన్యాసం నోటితో కదా మాస్టారూ ఇచ్చేది. చేతులు ఖాళీగానే ఉన్నాయి."

"మా దగ్గర నోరే ఖాళీగా ఉండాలమ్మా. చేతులు కాదు."

నేర్చుకున్న పని: మైనం దిమ్మ నుంచి ముందరి పన్ను చెక్కడం. చెక్కి ఇచ్చాను. మాస్టారు దీపం కింద తిప్పి తిప్పి చూశారు. "అంచులో ఈ నొక్కేంటి? పుస్తకంలో పంటికి ఇది ఉండదే. ఇది ఎవరిదో పన్ను" అన్నారు.

అప్పటిదాకా నేనూ గమనించలేదు. అది మా అమ్మ పన్ను. మీటింగులకి జెండాలు కుట్టేది అమ్మ. కుట్టిన ప్రతిసారీ దారాన్ని ఆ పంటితోనే కొరికేది. ఏళ్ళ తరబడి కొరికి కొరికి అక్కడ చిన్న గాడి పడింది. అమ్మ ముఖం తలుచుకుందామంటే ఈమధ్య మసగ్గా వస్తోంది. పన్ను మాత్రం నా చేతిలోకి దానంతటదే వచ్చింది.

"మార్కులు తగ్గిస్తున్నా" అన్నారు మాస్టారు. కానీ ఆ పన్నుని కరిగించే గిన్నెలో వెయ్యలేదు. గూట్లో పెట్టారు.

2. వెలుగు పక్షం, ముగిసేముందు

నేర్చుకున్న పని: ప్లాస్టర్ పొయ్యడం. నోటి అచ్చులో ప్లాస్టర్ పోసి దవడ నమూనా తీస్తాం. అందులో గాలి బుడగ ఒక్కటి మిగిలినా నమూనా మీద మొటిమ లేస్తుంది, ఆ మొటిమ మీద కట్టిన పళ్ళు చిగురుని కోస్తాయి. భూమ్మీద అచ్చుని నాలుగు సార్లు తడితే బుడగ తనే పైకి వస్తుందట. ఇక్కడ రాదు. బరువు ఇంత తక్కువైన చోట బుడగకి తొందరేముంది?

అందుకని అచ్చుని తాడు కట్టిన గిన్నెలో పెట్టి తల చుట్టూ గిరగిర తిప్పాలి. మాస్టారు చూపించబోతే నేనే లాక్కున్నాను. అది ఒడిసెల! తెనాలి దగ్గర మా ఊళ్ళో జొన్నచేలో మంచె మీద నిలబడి పిట్టల మీదికి రాళ్ళు విసిరే ఒడిసెల. భుజానికి గుర్తుంది. తిప్పుతుంటే జొన్నకంకుల పచ్చివాసన వచ్చినట్టే అనిపించింది. వాసన రాలేదు, నాకు తెలుసు. ఇక్కడ వచ్చేది ప్లాస్టర్ వాసనే. అయినా రాస్తున్నాను.

"విసిరెయ్యకు తల్లీ, అది మీ పాత జట్టు సూరిబాబు దవడ!" అని అరిచారు మాస్టారు.

3. చీకటి పక్షం, మొదటి వారం

చెప్పాను కదా, వరస గుర్తుపెట్టుకోమని.

భూమి నుంచి కొత్త యంత్రం దిగింది. దాని ముందు కూర్చుంటే ఆడగొంతుతో రెండే మాటలంటుంది: "నోరు తెరవండి. మాట్లాడకండి." వెలుగుగీత ఒకటి నోట్లోకి వెళ్ళి వస్తుంది. టీ తాగేలోపు పళ్ళ సెట్టు అచ్చు పడి ట్రేలోకి జారుతుంది. తెల్లగా, సమంగా, అందరికీ ఒకే రకం నవ్వు. పళ్ళు లేనివాళ్ళందరికీ పంచేశారు. ఇక మా ల్యాబ్ ఎందుకని ఇదే చివరి బ్యాచ్ అన్నారు. బ్యాచ్ అంటే నేనొక్కదాన్నే.

వంటశాలకి వెళ్ళాను. ఈ బస్తీలో వేడి మీద వండిన తిండి దొరికేది అక్కడొక్కచోటే. మిగతా చోట్లన్నీ గొట్టాల్లో వచ్చే గుజ్జు. పప్పు గుజ్జు, గోంగూర గుజ్జు, పండగ రోజు పాయసం గుజ్జు. పీల్చడమే. వంటశాల నడిపేది అప్పలనరసమ్మ పిన్ని. భోగాపురం వైపు మనిషి. తోట అరలో పండే మినుములు, బియ్యం రుబ్బి మందపాటి మూకుట్లో కింద వేడి, పైన వేడి పెట్టి మినపరొట్టె కాలుస్తుంది. పైన ఎర్రగా కాలిన చెక్కు ఉంటుందే, దాని కోసం గని షిఫ్టు దిగినవాళ్ళు పోట్లాడుకునేవాళ్ళు.

ఈరోజు పోట్లాడేవాళ్ళు లేరు. నాలుగు బల్లలు ఖాళీ. సూరిబాబు, తవ్వకంలో నా పాత జట్టువాడు, రొట్టెలో మెత్తటి నడిమి భాగం మాత్రం తవ్వి తింటున్నాడు.

"కొత్త పళ్ళు వచ్చాయిగా, చెక్కు తినవేంరా?" అన్నాను.

అటూ ఇటూ చూసి చొక్కా జేబు తట్టాడు. "పైసెట్టు బానే అతుక్కుంటుందక్కా. కిందిదే ఒక్కచోట ఉండట్లేదు. నిన్న నవ్వితే లేచెళ్ళి ఎదురు బల్లమీద ఆయన గుజ్జులో దిగింది. మెల్లగా దిగిందక్కా, అందరూ చూసేలాగ. ఇంక జేబులోనే."

"మరి కంప్లయింట్ ఇవ్వలేదేం?"

"పళ్ళు నోట్లోంచి ఎగిరిపోతున్నాయని ఎవడితో చెప్పుకుంటాం? నవ్వుతారు. నవ్వితే ఆళ్ళవీ ఎగురుతాయనుకో."

పిన్ని గరిటె పట్టుకుని వచ్చింది. ఆమె బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి; యంత్రం ఇచ్చిన సెట్టు ఆమె నోట్లోనూ నిలవలేదు. "నా రొట్టె నానే తిని ఎన్నాళ్ళైపోయిందో పంతులమ్మా. ఉప్పు సరిపోయిందో లేదో నాలిక సెప్తాది. కాలిందో లేదో పన్నే గదా సెప్పాల. అటక మీద రేడియో ఇన్నట్టు ఇనీదాన్ని, ఆళ్ళు నవిలిన సప్పుడు. ఇప్పుడు ఆ సప్పుడూ లేదు."

ఎవరితోనైనా వాదిస్తానని ఆమె నాకు పెట్టిన పేరు పంతులమ్మ.

అప్పుడే యాజమాన్యం తరఫు సంక్షేమాధికారి తన్మయ్ లోపలికి వచ్చాడు. నలభై దాటినవాడు, ఎప్పుడూ గడ్డం కింద పిడికిలి పెట్టుకుని, పెదాలు కదిలీ కదలకుండా మాట్లాడతాడు. అధికార గాంభీర్యం. గోడకి నోటీసు అంటించాడు. అందరికీ పళ్ళు ఇచ్చినా వంటశాలకి వచ్చేవాళ్ళు తగ్గుతున్నారు కాబట్టి, ప్రజలకి నమలడం మీద ఆసక్తి లేదని తేలింది కాబట్టి, వచ్చే వెలుగు పక్షం మొదట్లో ఒకసారి పరిశీలించి వంటశాలకి వేడి సరఫరా ఆపేస్తారట. ఆ వేడి మంచు కరిగించే విభాగానికి కావాలట.

"ఆసక్తి లేదని ఎవరు తేల్చారండీ?" అన్నాను.

"రికార్డులు" అన్నాడు, పిడికిలి తియ్యకుండా.

"రికార్డులు నమలవు."

చిన్నగా తల ఊపి వెళ్ళిపోయాడు. ముందు పళ్ళు సరిగా ఇవ్వరు. తర్వాత నమలడం లేదంటారు. తర్వాత తిండి తీసేస్తారు. రేపు నోరెందుకంటారు. ఇది అభిప్రాయం కాదు, పత్రిక విషయంలో నేను కళ్ళారా చూసిన క్రమం.

పిన్ని నోటీసు ముందు నిలబడి అడిగింది: "మూకుడు సల్లారిపోతే నానేటి సెయ్యాలి?"

ఆమెకి ఇంకో చోటు లేదు. ఆమె తుంటి కూడా భూమికి పనికిరాదు.

4. చీకటి పక్షం, రెండో వారం

నా పరీక్ష పని: ఒక మనిషికి పైసెట్టు, కిందిసెట్టు పూర్తిగా కట్టాలి. మనిషిని నేను ఎంచుకున్నాను. అప్పలనరసమ్మ పిన్ని. పరిశీలన రోజు ఆమె తన రొట్టె చెక్కు తానే కొరికి నమలాలి. ఒక్కరి నోట్లో పళ్ళు నిలబడినా తప్పు పళ్ళదేగాని ప్రజలది కాదని తేలుతుంది.

చిక్కంతా కిందిసెట్టుదే. మాస్టారు వివరించారు: పైసెట్టు అంగిలికి గాలి చొరకుండా అతుక్కుంటుంది. కిందిదానికి అంత చోటు లేదు, మధ్యలో నాలుక ఉంది. భూమ్మీద అది చాలావరకు తన బరువుతో కూర్చుంటుంది. ఇక్కడ కూర్చోదు.

"అయితే బరువు పెంచుదాం. ఉక్కు గుళ్ళు పొదుగుదాం" అన్నారు.

"ఆరు రెట్లా?"

"ఆరు రెట్లే. లెక్క లెక్కే."

"దవడ ఎముక అగ్గిపుల్లలా ఉంది మాస్టారూ. దాని మీద ఉక్కు పెడతారా?"

"నేను పళ్ళు కట్టడం మొదలుపెట్టేనాటికి నువ్వు పాలపళ్ళతో ఉన్నావు."

వాదించాను, ఓడిపోయాను. ఆయన చెప్పినట్టే కట్టాను. పిన్ని పెట్టుకుని పూటంతా తిరిగింది. సెట్టు ఎగరలేదు, నిజమే. సాయంత్రం షిఫ్టు దిగే వేళకి ల్యాబ్‌కొచ్చి రెండు చేతులతో దవడ పట్టుకుని కూర్చుంది. చిగురు నల్లగా కమిలిపోయింది. ఇంకో పూట ఉంచితే ఎముకకే పగులు వచ్చేది.

మాస్టారు సెట్టు తీసుకున్నారు. గుళ్ళు ఒక్కొక్కటే పటకారుతో పెరికారు. "నేను ముందే చెప్పాను" అనే మాట నా నాలిక చివర దాకా వచ్చింది. ఆయన ఒక్కో గుండుని లెక్కపెట్టి పక్కన పెట్టడం చూసి మింగాను. నా జీవితంలో మింగిన వాక్యాలు చాలా తక్కువ. ఇది వాటిలో ఒకటని నమోదు చేస్తున్నాను.

5. చీకటి పక్షం, ముగిసేముందు

కమిలిన చిగురు మానేదాకా ఆగి మళ్ళీ మొదలుపెట్టాం. పిన్ని కింది దవడ మీద మెత్తటి మైనం దిమ్మ పెట్టారు మాస్టారు. అది గట్టిపడేదాకా దవడ కదపకూడదు. "మాట్లాడకమ్మా" అన్నారు. యంత్రం అన్న మాటే. నాకు చిర్రెత్తింది, కానీ అనలేదు. ఊరికే ఉండలేక ఇంకో మాటన్నాను.

"పిన్నీ, ఎన్ని చెప్పు, మా వైపు దిబ్బరొట్టె ముందు మీ రొట్టె దిగదుడుపే. మేం చెరకు పానకంతో తింటాం."

అప్పలనరసమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. మైనం నోట్లో ఉండగానే అందుకుంది.

"ఏటీ? దిగదుడుపా? పానకంలో నానబెట్టుకుని తినీదాన్ని రొట్టంటారేటి? పళ్ళు లేనోల్లు తింతారలగ! మా అమ్మ కాల్సీది సూడు, జీడిపిక్కల తొక్కలు నిప్పేసి..."

"అమ్మా! మైనం!" మాస్టారు తల పట్టుకున్నారు.

ఆమె ఆగే స్థితిలో లేదు. అక్కతో కలిసి భోగాపురం జీడితోటలోకి వెళ్ళిపోయింది. "మా అప్పా నానూ పిక్కలేరీసి, కాపలావోడు రాకుండా నిప్పుల్లో ఏసీవోలం. టప్పుటప్పుమని పేలీవి. సెగ తగ్గకుండానే రాయెట్టి కొట్టీసి నోట్లో ఏసుకుంటే, ఆ జీడికి పెదాలు ఒలిసీసీవి. అయినా తినీవోలం. ఇంటికెల్తే మా అమ్మ పెదాలు సూసి సెప్పీసీది, ఎక్కడికెల్లొచ్చేరో..." అంటూ ఒక్కసారి పకపకా నవ్వింది. ముందుకి వంగి మరీ నవ్వింది.

మాస్టారు మైనం బయటికి తీశారు. వంకరలు తిరిగిపోయి ఉంది. ఒక పక్క నాలుక నెట్టిన గాడి, ఇంకో పక్క బుగ్గ ఒత్తిన పల్లం. "పాడైపోయింది" అని కరిగించే గిన్నె వైపు చెయ్యి చాచారు.

ఆ చెయ్యి పట్టుకున్నాను. "మాస్టారూ, ఆవిడ వంగి నవ్వింది. అది లేవలేదు."

"అంటే?"

"గుళ్ళు లేవు, బరువు లేదు. నవ్వినా లేవలేదు. ఎవరు పట్టుకున్నారు దాన్ని?"

ఆయన మైనాన్ని దీపం కింద తిప్పి చూశారు. లోపలి నుంచి నాలుక, బయటి నుంచి బుగ్గలు, రెండూ నెట్టి నెట్టి, ఏ వైపుకీ తోసెయ్యలేని చోటు ఒకటి మిగిల్చాయి. అది ఆమె మాటల మధ్య ఉన్న సందు. పళ్ళు ఆ సందులో ఉంటే వాటిని బరువు పట్టక్కర్లేదు. మాటే పట్టుకుంటుంది.

మాస్టారు మైనాన్ని బల్ల మీద పెట్టారు. "ఖాసిం గారు" అన్నారు.

ఖాసిం గారు గుంటూరులో ఆయనకి పని నేర్పిన మనిషట. నాటకాల్లో వేషాలు కట్టే ఒకాయన రాగం తీస్తే కిందిసెట్టు లేచొచ్చేదట. ఖాసిం గారు ఆయన నోట్లో మెత్తటి మైనం పెట్టి పద్యం పాడించేవారట. వీధిలో జనం పోగయ్యేవాళ్ళట.

"నేను ఆయన నాటకాల పిచ్చి అనుకున్నాను. ఫ్రీగా పద్యాలు వినడానికి వేసిన ఎత్తు అనుకున్నానమ్మా. పళ్ళు నిలిచాయి. అది నా చేతి చలవ అనుకున్నాను." మీసం సవరించుకోబోయి మానేశారు. "ల్యాబ్ ముందు వేపచెట్టు నీడలో బల్ల. మధ్యాహ్నం ఇరానీ చాయ్. వేడి మైనం మీద వేపపూలు రాలి అతుక్కునేవి. గుర్తున్నాయి చూడు, ఇవన్నీ గుర్తున్నాయి. పని మాత్రం మర్చిపోయాను."

గుర్తుచేసుకోవడం పనికిమాలిన పని అని నేనే ఒకప్పుడు సంపాదకీయం రాశాను. వెనక్కి చూసేవాడు ముందుకి నడవలేడని. ఆ సంపాదకీయంతో ఇవాళ విభేదిస్తున్నాను.

"ఇంకా సెప్పాలా నోరు మూసుకోవాలా?" అంది అప్పలనరసమ్మ.

"చెప్పు తల్లీ. మళ్ళీ మొదట్నుంచి చెప్పు" అన్నారు మాస్టారు కొత్త మైనం వేడి చేస్తూ.

6. వెలుగు పక్షం, సూర్యుడు వచ్చాక

నేర్చుకున్న పని: మైనం చుట్టూ ప్లాస్టర్ పోసి, ఆ వంకర సందుని అచ్చుగా పట్టి, ఆ సందులోనే పళ్ళు పేర్చడం. పుస్తకం ప్రకారం పళ్ళు దవడ గట్టు నడిమధ్య ఉండాలి. పిన్ని పళ్ళు ఎడమ వైపు కొంచెం బయటికి, కుడి వైపు కొంచెం లోపలికి వచ్చాయి. చూడటానికి పొందిగ్గా లేవు. ఆమె పెదాలు కదిపితే మాత్రం ఆ ముఖంలోంచే మొలిచినట్టున్నాయి.

పెట్టుకున్నాక నాలుకతో పళ్ళ వెనకంతా తడుముకుంది. తర్వాత "ఓలమ్మ" అంది. నాకు భయమేసింది.

"ఏమైంది పిన్నీ, కోస్తోందా?"

"కొయ్యట్లేదు. మా అప్ప గొంతులా ఉంది నా గొంతు."

యంత్రం వద్దన్నది ఇదే. నోరు మూసుకున్న మనిషి నోటికీ మాట్లాడే మనిషి నోటికీ కొలత ఒకటి కాదు. మౌనంగా ఉన్నప్పుడు కొలిచి ఇచ్చిన పళ్ళు మౌనంగా ఉన్నంతసేపే నిలుస్తాయి. యాజమాన్యానికి కావలసింది అదేనని నేను అనడం లేదు. అది మాత్రం జరుగుతోందని అంటున్నాను.

7. వెలుగు పక్షం, పరిశీలన రోజు

వంటశాల నిండింది. తింటానికి కాదు, చూడ్డానికి. నేను ఉపన్యాసం రాసుకుని వెళ్ళాను. తన్మయ్ ఎప్పటిలాగే పిడికిలి గడ్డం కింద ఆనించుకుని మూకుడు పక్కన నిలబడ్డాడు.

అప్పలనరసమ్మ మూకుడు మూత తీసింది. రొట్టె ఎర్రగా కాలి ఉంది. చెక్కు విరిచింది. అందరికీ పంచే చెయ్యి అలవాటుగా ముందుకి చాచి, ఆగి, ఈసారి తన నోట్లోనే పెట్టుకుంది.

కొరికిన చప్పుడు ఆ చివరి బల్ల దాకా వినబడింది. నమిలింది. మాస్టారు ఆమె దవడనే చూస్తున్నారు. మింగాక పిన్ని అన్న మొదటి మాట: "అడుగు కొంచెం మాడిందర్రా. ఇన్నాల్లూ సెప్పరేటి నాకు?"

హాలంతా నవ్వింది. చేతులు అడ్డం పెట్టుకుని నవ్వింది. అది గమనించాను.

తన్మయ్ నెమ్మదిగా అన్నాడు: "ఒక్కరు నమలగలిగారు. సంతోషం. కానీ రికార్డ్ ప్రకారం పళ్ళు అందరికీ ఉన్నాయి. వాళ్ళు రావడం లేదు కదా."

నేను లేచాను. ఆయన్ని ఉద్దేశించి రాసుకున్న వాక్యం బాగా కుదిరింది, వృథా పోకుండా ఇక్కడ పెడుతున్నాను: "గడ్డం కింద చెయ్యి పెట్టుకుని మా ఆకలి గురించి ఆలోచించే తీరిక మీకుంది గానీ, ఆ చెయ్యి తీసి ఒక ముద్ద నోట్లో పెట్టుకునే ధైర్యం మీకుందా?" అందామని నోరు తెరిచాను.

"పంతులమ్మా, కూకో" అంది అప్పలనరసమ్మ. తర్వాత హాలు వైపు తిరిగింది. "ఒరే సూరిబాబూ, జేబులోది తియ్యి."

సూరిబాబు నేల చూశాడు.

"తియ్యరా. నీదొక్కడిదే అయితే సిగ్గు. ఈలందరిదీ సిగ్గేటి?"

వాడు జేబులోంచి కిందిసెట్టు తీసి బల్ల మీద పెట్టాడు. పక్కవాడు పెట్టాడు. వెనక బల్లల వాళ్ళు వచ్చారు. తెల్లగా, సమంగా, ఒకదాని పక్కన ఒకటి, బల్ల పొడుగునా. అన్నీ కొత్తవే. ఒక్కదాని మీదా నమిలిన గీత లేదు.

పిన్ని తన్మయ్‌కి ఒక చెక్కు ముక్క చాచింది. "నువ్వూ తిను బాబూ."

"వద్దమ్మా. నాకు గుజ్జు చాలు."

"సాలదు. ఎవురికీ సాలదు. తిను."

అప్పుడు ఆయన గడ్డం కింద నుంచి చెయ్యి తీశాడు. అధికార గాంభీర్యమని నేను ఇన్నాళ్ళూ తిట్టుకున్న చెయ్యి. చెయ్యి తియ్యగానే కింది పెదవి వెనక తెల్లటి వరస ఒకటి పైకి లేచింది. ఆయన దాన్ని వేళ్ళతో పట్టుకుని తీసి, వరస చివర పెట్టాడు.

"మొదటి సెట్టు నాకే వేశారు" అన్నాడు. కింది పళ్ళు లేక మాట మెత్తగా వచ్చింది, కానీ మొదటిసారి పెదాలు కదిలాయి. "బాగుందని సంతకం పెట్టాను. తర్వాత బాగాలేదని ఎలా రాయను?"

నా వాక్యం నా దగ్గరే ఉండిపోయింది. కోపం ఎక్కడికీ పోలేదు, అది యంత్రం మీదా, నోటీసు మీదా భద్రంగానే ఉంది. ఈ మనిషి మీద నుంచి మాత్రం తీసేశాను.

అక్కడే నిలబడి రిపోర్టు రాయించాడు. తన్మయ్ చెప్పాడు, చేతిలోని రికార్డు యంత్రం రాసుకుంది: పళ్ళు నిలవనందువల్లే జనం వంటశాలకి రావడం లేదు, అందరికీ నిలిచే పళ్ళు వచ్చేవరకు మూకుడు కింద వేడి ఆపరాదు, ల్యాబ్‌లో శిక్షణ కొనసాగాలి.

"'వచ్చేవరకు' అనే మాట ఒప్పుకోను. వచ్చాక కూడా ఆపరాదు. పళ్ళొచ్చాకే కదా తిండి కావాల్సింది!" అన్నాను.

నేను చూడగా ఆయన మొదటిసారి నవ్వాడు. సగం బోసిగా. "మార్చండి" అన్నాడు యంత్రంతో.

8. చీకటి పక్షం, మొదట్లో

ల్యాబ్‌లో ఇప్పుడు పని పళ్ళు కట్టడమా, కబుర్లు వినడమా అంటే చెప్పలేను. ఒక్కొక్కరే వచ్చి నోట్లో మైనంతో ఊళ్ళు చెబుతున్నారు. సూరిబాబు తుని సంతలో పనసతొనలు చెప్పాడు. తన్మయ్ ముందు ఏం చెప్పాలో తెలియక పదవుల పేర్లు వల్లించాడు; చివరికి హాస్టల్లో దొంగతనంగా కాల్చుకున్న మొక్కజొన్న కంకి దగ్గర మైనం సరిగ్గా పడింది. కొత్తగా ఇద్దరు చేరారు శిక్షణకి. వాళ్ళకి ఒడిసెల తిప్పడం నేనే నేర్పుతున్నాను.

ఇవాళ నా వంతు. కదులుతున్న నా కింది పళ్ళు మొన్న తీసేశారు. కుర్చీలో కూర్చున్నాను. మాస్టారు మైనం పెట్టి, "మాట్లాడు తల్లీ" అన్నారు.

"సోదర సోదరీమణులారా, మన నోళ్ళను కొలిచే హక్కు..."

"ఉపన్యాసం వద్దమ్మా. దవడ బిగుస్తోంది. మామూలుగా మాట్లాడు."

"నా మామూలు మాట ఇదే మాస్టారూ. ఇందుకు తగ్గ పళ్ళే కావాలి నాకు."

"పంతులమ్మని మాటాడమనీది ఎందుకు? ఆపమంటే గదా కస్టం" అంది అప్పలనరసమ్మ. వరసలో కూర్చున్నవాళ్ళు నవ్వారు. ఎవరో వెనక కొత్త పళ్ళతో రొట్టె చెక్కు నములుతున్నారు, కరకర.

ఆ చప్పుడు వినగానే మీటింగులు గుర్తొచ్చాయి. అవే చెప్పడం మొదలుపెట్టాను. మైదానంలో పెట్రోమాక్సు లైట్లు పెట్టేవాళ్ళు, కరెంటుని నమ్మలేక. అమ్మ కుట్టిన జెండాలు ముందు వరసలో. నాన్న నన్ను భుజాల మీద ఎక్కించుకుని కరపత్రాన్ని పొట్లంగా చుట్టి వేయించిన వేరుశనక్కాయలు పోయించేవాడు. జనమంతా వలుచుకుంటూ, నములుతూ ఉపన్యాసం వినేవాళ్ళు. మైదానం అంతా ఒకటే చిటపటలు. నాన్న చెవి దగ్గర చెప్పేవాడు: "మైకులో ఎంత అరిచాడన్నది కాదమ్మడూ, కాయలు వలిచే చప్పుడు చూడు. అది ఆగిందంటే జనం వింటున్నట్టు." ఒక్కోసారి ఆగేది. మైదానం మొత్తం, చేతుల్లో సగం వలిచిన కాయలతో. అప్పుడు నేను కూడా నోట్లో గింజని నమలకుండా పట్టుకునేదాన్ని, మెత్తబడేదాకా.

నాన్న చొక్కాకి వేరుశనగ పొట్టు అంటుకుని ఉండేది. ఇంటికి వెళ్ళేదారిలో నేను దాన్ని ఒక్కొక్కటే ఏరేదాన్ని.

వెనక కరకర ఆగిపోయింది. ఎప్పుడు ఆగిందో నేను చూసుకోలేదు. నేనూ ఆగాను.

"ఆపకు" అన్నారు మాస్టారు మెల్లగా. "మైనం ఇంకా మెత్తగానే ఉంది."